నేను కళ్ళు తెరిచిన ప్రార్థన

నన్ను ఓదార్చడానికి ఎవరూ రావద్దని ముందే చెబుతున్నాను. "దేవుడు ఎప్పుడో క్షమించాడులే అమ్మా" అని నా ముందు అనవద్దు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అది నోట్లోంచి ఎంత సులువుగా వస్తుందో నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని ఎక్కడో దించేసి చేతులు దులుపుకోవడానికి రాయడం లేదు. అది నాదేనని చెప్పడానికి రాస్తున్నాను.

నా పేరు చెప్పను. భయపడి కాదు. పేరు చెబితే మళ్ళీ మెచ్చుకుంటారు. తప్పు చేశానంటే మెచ్చుకోవడమేమిటని మీరనుకుంటారు. ఉండండి, అక్కడికే వస్తాను.

మాది బాన్సువాడ. బీడీలు చుట్టి పిల్లల్ని పెంచినదాన్ని. మా సంఘంలో నన్ను ప్రార్థనపరురాలు అంటారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినా నాకే కబురు వస్తుంది. ఇంకో పేరు కూడా ఉంది నాకు, చెప్పులు సర్దే అక్క అని. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్ళందరూ మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోతారు. ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉంటాయి. నేను కొంగు నడుముకు దోపి, వంగి, జత జతగా వరసలో పెడతాను. వయసులో చిన్నవాళ్ళవైనా సరే. "ఎంత తగ్గింపు చూడు అక్కకు, ఎంత వినయం" అని లోపల కూర్చున్నవాళ్ళు అంటుంటే నాకు వినబడేది. వినబడేంత దగ్గరగానే సర్దేదాన్ని. ఇప్పుడు చెబుతున్నాను కదా, అబద్ధమెందుకు?

ఎస్తేరు మా వెనక గల్లీలో ఉండేది. నాకంటే చిన్నది. మధ్యాహ్నం పూట చాట పట్టుకొని మా వాకిట్లోకి వచ్చేది. ఇద్దరం గోడ నీడలో కూర్చొని తునికాకు కత్తిరించుకుంటూ, తంబాకు నింపుకుంటూ బీడీలు చుట్టేవాళ్ళం. చేతులు పని చేస్తుంటే నోరు ఖాళీ కదా, ముచ్చట్లు ఎక్కడెక్కడికో పోయేవి. తన భర్త లారీ మీద పోతే వారాల తరబడి రాడు. ఉన్నది ఒక్క కూతురు, దీవెన. అప్పుడు ఆ పిల్ల బడికి పోయే వయసుది.

ఎస్తేరు ప్రార్థన చాలా పొట్టిగా ఉండేది. నేను మొదలుపెడితే ఆదాము దగ్గరి నుంచి వచ్చేదాన్ని, వచనం మీద వచనం చదివేదాన్ని. ఆమె మాత్రం "ప్రభువా, నువ్వు చూస్తనే ఉన్నవ్. జర జల్ది రా" అని ఊరుకునేది. అంతే. కానీ అప్పుడు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. నా ప్రార్థనకు ఆమేన్ అనేవారు, ఆమె ప్రార్థనకు ఏడ్చేవారు. ఈ తేడా నాకు తెలియదనుకున్నారా? ప్రతి శుక్రవారం తెలిసేది.

దీవెనకు మూర్ఛలు వచ్చేవి. ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయేది, నోట్లోంచి నురగ వచ్చేది. నిజామాబాదు దవాఖానలో మందులు రాశారు, వాడుతూనే ఉన్నారు. మేమంతా ప్రార్థన చేస్తూనే ఉన్నాం. ఒక వానాకాలం మూర్ఛలు మరీ ఎక్కువయ్యాయి. ఎస్తేరు ఇంటి పక్కనే ఉండే ఒక ముస్లిం ఆడమనిషి, ఆమెను అందరం ఆపా అనేవాళ్ళం, ఆ పిల్ల పడినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకునేది. ఆమె ఒక రోజు తల్లీబిడ్డలను బిచ్కుంద దిక్కు ఉన్న ఒక దర్గాకు తీసుకుపోయింది. అక్కడ పిల్ల మెడలో దారం కట్టారు.

ఈ సంగతి ఎస్తేరు మా వాకిట్లోనే చెప్పింది. చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది, చుట్టడం లేదు. మాది విగ్రహాలనూ తాయెత్తులనూ గట్టిగా కాదనే సంఘం. దారం కడితే విశ్వాసం విడిచినట్టే లెక్క. ఆమెకది తెలుసు. "నాకోసం ప్రార్థన చెయ్యి అక్కా. దేవునికి తప్ప ఎవ్వరికి చెప్పకు" అంది. చెప్పనని ఆమె తల మీద చెయ్యి వేశాను. ఆ వేయడంలో అబద్ధం లేదు. ఆ క్షణానికి లేదు.

తర్వాతి వారం, గురువారం నాడు మళ్ళీ వచ్చింది. మనసు ఒప్పలేదని, దారం తనే తెంపేసిందని చెప్పింది. ముఖం తేటగా ఉంది. "ఇగ మందులు, ప్రార్థన, అంతే" అని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. దారం తెగిందని నాకు గురువారమే తెలుసు.

అప్పుడు మా స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న అవ్వ కొడుకు దగ్గరికి కామారెడ్డి పోతోంది. కొత్తగా ఎవరిని పెట్టాలనే మాట నడుస్తోంది. ఎవరూ నా పేరు తీయడం లేదు. చెప్పులు సర్దడానికి నేను, గచ్చు కడగడానికి నేను, రాత్రి కాపలా ప్రార్థనకు నేను. పెద్దరికం మాటొస్తే ఎస్తేరు. ఆమె అడగలేదు కూడా. అడగని దానికి ఇస్తారు, వంగి వంగి నడుము పడిపోయినదానికి ఇవ్వరు. నాకు కావాలనిపించింది. చెబుతున్నాను కదా, కావాలనిపించింది. దాంట్లో ఏముంది, ఒక కుర్చీ, శుక్రవారం ముందు నిలబడి ప్రార్థన మొదలుపెట్టే వంతు. దానికే నా లోపల కుతకుత ఉడికింది.

మర్నాడు శుక్రవారం. ఉపవాసంతో అందరి నోళ్ళూ ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మూసుకొని, తలల మీద కొంగులు కప్పుకొని కూర్చున్నారు. నా వంతు వచ్చింది. మొదలుపెట్టాను. ఊరి కోసం, వానల కోసం, రోగుల కోసం. ఆ తర్వాత నా గొంతు వణికింది, నేనే వణికించాను. "పరిశుద్ధుడవైన తండ్రీ, మా మధ్యలో ఉండి, బిడ్డ మూర్ఛ రోగం చూసి తట్టుకోలేక, నిన్ను విడిచి, బిడ్డ మెడలో దర్గా దారం కట్టించిన నీ కుమార్తెను క్షమించు" అన్నాను.

పేరు చెప్పలేదు. పేరు ఎందుకు? మూర్ఛలొచ్చే బిడ్డ మా సంఘంలో ఒక్కతే. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది. గుడ్డ బదులు కన్నీళ్ళతో చేశాను.

అప్పుడు కళ్ళు తెరిచాను. దేవునితో మాట్లాడేవాళ్ళకు కళ్ళు తెరవాల్సిన పనేముంది? దేవుడు ఎలా విన్నాడో చూద్దామని తెరవలేదు. వీళ్ళు విన్నారా లేదా అని తెరిచాను. అందరి రెప్పలూ మూసే ఉన్నాయి గానీ, ముఖాలు మారాయి. ఒకావిడ పెదవులు ఆగిపోయాయి. ఇంకొకావిడ మోచేత్తో పక్కామెను పొడిచింది. విన్నారు. నాకు తృప్తి కలిగింది, వెచ్చగా, కడుపు నిండినట్టు. ఆ తృప్తిలోనే చూపు తిప్పితే ఎస్తేరు కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఆ గదిలో మా ఇద్దరి కళ్ళే తెరిచి ఉన్నాయి. నేను కళ్ళు మూసుకొని ప్రార్థన ముగించాను. ఆమేన్ గట్టిగా వచ్చింది.

ఆమె లేచి బయటికి పోయింది. మెట్ల దగ్గర చెప్పులు దొరకలేదు. విడిచినచోట లేవు కదా, నేను వరసలో సర్దాను. ఒక్కొక్క జత చూసుకుంటూ, వంగి వెతుక్కుంటుంటే లోపలున్నవాళ్ళందరూ కిటికీలోంచి, గుమ్మంలోంచి చూశారు. ఆమె జత ఎక్కడుందో నాకు తెలుసు, గోడ వైపు చివరిది. చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం సంఘ పెద్దలు ఎస్తేరును పిలిచారు. నేను కూడా ఉన్నాను, ప్రార్థనపరురాలిని కదా. "దారం కట్టించినవా లేదా?" అని అడిగారు. "కట్టించిన" అంది. ఇంకేం అడగలేదు. ఆమె ఇంకేం చెప్పలేదు. తెంపేసిందని నేను ఒక్క మాట అంటే అక్కడికి అయిపోయేది. ఊరంతటి కోసం ప్రార్థన చేసే నా నోరు ఆ రోజు లేవలేదు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా ఆమెను ప్రభువు బల్ల నుంచి ఆపారు. బల్ల అంటే మీకు రొట్టె ముక్క, ఇంత ద్రాక్షరసం అనిపించవచ్చు. మాకు అది మా ఇంటి పొయ్యి. ఆ బల్లలో చెయ్యి వేయనివ్వకపోతే ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టే.

ఆమె వ్యవహారం నీకెలా తెలిసింది, పేరు లేకుండా ఎలా బయటపెట్టావని అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, నన్ను అడిగింది. "నేను అనుకోలేదమ్మా, ఆత్మ నడిపించింది" అన్నాను. ఇదిగో, నేను మోసేది ఇదే. అసూయ పడ్డాను, అది అందరూ పడతారు. మాట తప్పాను, అది కూడా లోకంలో ఉన్నదే. నేను చేసిన పనిని తీసుకుపోయి పరిశుద్ధాత్మ మీద పెట్టాను. నా దొంగతనానికి దేవుణ్ణి సాక్షిగా కాదు, దొంగగా నిలబెట్టాను. ఎంతమంది అడిగినా అదే చెప్పాను. చెప్పి చెప్పి ఒక్కోసారి నిజమేనేమో అనిపించేది. నిజం కాదని కళ్ళు తెరిచిన ఆ క్షణం గుర్తుచేసేది.

కొన్నాళ్ళకు పిండి గిర్ని దగ్గర ఎస్తేరు ఎదురైంది. డబ్బా కింద పెట్టి నిలబడింది. గిర్ని చప్పుడులో కూడా ఆమె మాట స్పష్టంగా వినబడింది.

"అక్కా, దేవునికి తప్ప ఎవ్వరికి చెప్పకు అన్న. నువ్వు దేవునికే చెప్పినవా?"

"దేవునికే చెప్పిన."

"దేవుడు గంత దూరం ఉన్నడా, గంత గట్టిగ చెప్పినవ్?"

నేను నా డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను.

"దారం తెంపిన ముచ్చట గూడ చెప్పకపోయినవ్ ఆయనకు."

"నువ్వే పెద్దలకు చెప్పచ్చు గదా ఎస్తేరు" అన్నాను.

"వాళ్ళు అడగలే. ఎందుకు తెంపిన్నో అది నాకు, ఆయనకు మధ్యల. నేను నీ లెక్క గాదు."

డబ్బా ఎత్తుకొని పోయింది. ఆ తర్వాత మా వాకిట్లోకి రాలేదు. నన్ను స్త్రీల సమాజానికి పెద్దగా పెట్టారు.

ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. మంచే చేశాను, కాదనను. ఆకలితో ఉన్నవాళ్ళకు వండిపెట్టాను, చావుల్లో రాత్రంతా కూర్చున్నాను, ఎవరూ ముట్టని రోగులకు స్నానం చేయించాను. అవన్నీ అబద్ధమా? నాకు నేనే చాలాసార్లు అడిగాను. ఆ తప్పు కప్పుకోవడానికి చేశానా, నిజంగా ప్రేమతో చేశానా? రెండూ కలిసిపోయాయి, పాలూ నీళ్ళలాగా. ఇప్పుడు విడదీయడం నావల్ల కాదు. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. దేవుని దగ్గర ఏకాంతంగా ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు. ఆ ఒప్పుకోలు నాకు చవకగా దొరికింది. దేవుడు ఎవరికీ చెప్పడు కదా, ఆ ధైర్యం.

ఇక సైతాను నిన్ను వాడుకున్నాడులే అని కొందరంటారు. వద్దు. సైతానుకు ఆ రోజు మా చర్చిలో పని లేదు, నేను చాలు.

ఈ మధ్య ఎస్తేరుకు దమ్ము ఎక్కువైంది. బీడీల తంబాకు ఊపిరితిత్తుల్లో దిగింది అన్నారు డాక్టర్లు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. దీవెనకు మూర్ఛలు ఎప్పుడో తగ్గాయి, ఇప్పుడు దవాఖానలో నర్సు. ఆ పిల్లే పాస్టరు గారి దగ్గరికి వచ్చింది. "మా అమ్మకు బల్ల ఇయ్యండయ్యగారు, అడుగుతుంది" అని. ఇప్పుడున్నాయన కొత్తవాడు, పాత సంగతులు తెలియవు. పెద్దలను అడిగాడు. ఒక్క మాట ఒప్పుకుంటే ఇస్తామన్నారు. ఒప్పించడానికి ఎవరిని పంపాలి? తగ్గింపు ఉన్న మనిషి కావాలి. నన్ను పంపారు.

పోయాను. ఎస్తేరు మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉంది. ఎముకలు తేలిన మనిషి. నన్ను చూసి, "ఒప్పుకొమ్మని నిన్ను పంపిన్రా?" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. నీళ్ళు అందించబోతే దీవెన అందించింది. నేను ఏమీ అడగలేకపోయాను. గుమ్మం దాటుతుంటే ఆమె చెప్పులు కనబడ్డాయి. మంచం కింద, జతగా, దుమ్ము పట్టి. అవి ఇప్పట్లో ఎటూ పోవు.

నెలలో మొదటి ఆదివారం మాకు బల్ల ఉంటుంది. రొట్టె విరవక ముందే లేచి నిలబడ్డాను. ఆత్మ నడిపించలేదు, నేనే లేచాను. అంతా చెప్పాను. దారం తెగిందని నాకు తెలుసని చెప్పాను. కుర్చీ కోసం చేశానని చెప్పాను. కళ్ళు తెరిచానని చెప్పాను. ఎస్తేరు ఒప్పుకోవాల్సింది ఏమీ లేదని, ఒప్పుకోవాల్సింది నేనని చెప్పాను.

ఏమైందో తెలుసా? ముందు ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకొకరు హల్లెలూయ అన్నారు. కొత్త పాస్టరు కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఇంత తగ్గించుకున్న మనిషిని నా సేవలో చూడలేదన్నాడు. ఆడవాళ్ళు వచ్చి నన్ను పట్టుకొని ఏడ్చారు. "అక్కా, ఎంత గొప్ప మనసు నీది" అన్నారు. డోలక్ కొట్టే అతను పాట ఎత్తుకున్నాడు. నా తప్పును కూడా తీసుకుపోయి నా పుణ్యాల వరసలో సర్దేశారు, చెప్పుల జత సర్దినట్టు. ఎస్తేరు సంగతేమిటని అరిచాను. వచ్చే వారం కమిటీలో మాట్లాడదామన్నారు. ఆమె కోసం ఒక్కరూ ఏడవలేదు, అందరూ నా కోసమే ఏడ్చారు.

అందుకే ఇక్కడ పేరు చెప్పడం లేదు. ఇంక నన్ను ఎవరూ గొప్ప చేయడానికి వీల్లేదు.

పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. రొట్టె ముక్క తీసుకున్నాను, చిన్న గ్లాసు తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేదు. కొంగుతో కప్పుకొని గుమ్మం వైపు నడిచాను. బయటికి తీసుకుపోకూడదని నియమం. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి చేయి అడ్డం పెట్టి, "ఎటు అక్కా?" అన్నాడు.

"పక్కకు జరుగు అన్నా" అన్నాను.

జరిగాడు. చెప్పులు వేసుకోలేదు. ఎండలో, గల్లీలోంచి, గ్లాసు ఒలకకుండా నడిచాను. ఇలా ఇవ్వడానికి నాకు ఏ అధికారమూ లేదు. ఆనాడు తీసేయడానికి మాత్రం ఉందా?

ఎస్తేరు మేల్కొనే ఉంది. దీవెన డ్యూటీకి పోయింది. పక్కింటి ఆపా ముసలిదైపోయింది, మంచం పక్కనే కూర్చొని విసురుతోంది. నన్ను చూసి లేచి చోటిచ్చింది. నేను కింద కూర్చొని అరచేయి చాపాను. రొట్టె ముక్క కొంచెం చెమటకు తడిసింది. ఎస్తేరు దాన్ని చూసింది, నన్ను చూసింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నేను తింటున్న అని నిన్ను మాఫ్ చేసిన అనుకోకు అక్కా."

"అనుకోను."

రొట్టె తీసుకుంది. కళ్ళు మూసుకోలేదు, నన్ను చూస్తూనే నోట్లో పెట్టుకొని నమిలింది. గ్లాసు నేనే పట్టాను. తాగాక మూతి తుడుచుకొని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నేను బల్లలో చెయ్యి వేయలేదు. నన్ను ఎవరూ ఆపలేదు, నేనే ఆగాను. కుర్చీ వద్దన్నాను. చెప్పులు సర్దడం కూడా మానేశాను, ఎవరివి వాళ్ళే వెతుక్కోనీ. కమిటీవాళ్ళు ఎస్తేరు విషయం ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆమె నన్ను క్షమించలేదు, క్షమించమని నేను అడగలేదు. అడిగితే అది కూడా ఆమె మీద ఇంకో బరువు. ప్రార్థన మాత్రం చేస్తున్నాను, పొద్దున్నే పొయ్యి ముందు, చిన్నగా, ఒక్క మాట. ప్రభువా, ఆనాడు నేను కళ్ళు తెరిచాను. ఆ మాట అన్నాక ఇంకేమీ అనబుద్ధి కాదు. బియ్యం కడిగి ఎసట్లో పోస్తాను.